ఇస్లామున సూర్యుడు - విజ్ఞానమున సూర్యుడు

క్రీస్తుశకము 632వ సంవత్సరము జనవరి 27వ తేదీ ఉదయమున మదీనా నగరముపై సూర్యబింబము చాలవరకు కప్పబడిపోయెను. అదే దినమున మహమ్మదు ప్రవక్త కుమారుడు ఇబ్రాహీము కన్నుమూసెను. రెండేండ్లయినను నిండని పసివాడు. ప్రవక్తకు అంతకుముందు కలిగిన మగబిడ్డలెవ్వరును దక్కలేదు. వయస్సు మీరిన పిదప కలిగిన ఈ బిడ్డయు దక్కలేదు. ఊరిజనము ఆకాశమును చూచిరి, ఆ యింటిని చూచిరి, రెంటిని ముడివేసిరి. ప్రవక్త యింట పుత్రశోకము కలుగగా సూర్యుడే ముఖము చాటుచేసికొనెనని చెప్పుకొనసాగిరి.

ఒక మతమును స్థాపించుచున్న మహాపురుషునకు ఇంతకంటె అనుకూలమైన పుకారు వేరొకటి ఉండబోదు. ఖండింపనక్కరలేదు, ఊరకున్న చాలును. అనుచరుల భక్తి ఇనుమడించెడిది, శత్రువుల నోరు మూతపడెడిది. కాని ప్రవక్త ఊరకుండలేదు. జనులను సమావేశపరచి నమాజు నడిపించి, సూర్యచంద్రులు దైవసృష్టిలోని రెండు చిహ్నములే యనియు, ఒకరు పుట్టినందువలన గాని గిట్టినందువలన గాని వానికి గ్రహణము పట్టదనియు, గ్రహణమును చూచినపుడు దైవమును స్మరింపవలసినదనియు బోధించినట్లు బుఖారీ మున్నగువారి హదీసు సంకలనములలో కలదు. బిడ్డను కోల్పోయిన దినముననే ఒక తండ్రి ఈ మాట పలికెనని జ్ఞాపకముంచుకొన్న, దాని బరువు తెలియును.

ఈ కథకు చిన్న అనుబంధము కూడ కలదు. ఆ శిశువు మాసములోని పదియవ దినమున మరణించెనని వాకిదీ యను పూర్వచరిత్రకారుడు వ్రాసియుండెను. పదునాలుగవ శతాబ్దపు ప్రారంభమున డమాస్కసులో నివసించిన ఇబ్న్ తైమియా దీని నంగీకరింపలేదు. ఆయన ఖగోళజ్ఞుడు కాడు; కరడుగట్టిన ధర్మశాస్త్రవేత్త. అయినను చాంద్రమాసము ముగియు దినములలో తప్ప సూర్యగ్రహణము రాదని లెక్క యెరిగినవారందరికిని తెలిసిన విషయమే గనుక, పదియవనాటి గ్రహణకథ చెల్లదని ఆయన తీర్పు చెప్పెను. అమావాస్యనాడే సూర్యగ్రహణమని మన పంచాంగములు బోధించు సత్యమే యిది. అటుపిమ్మట 19వ శతాబ్దమున మహమూద్ పాషా అను ఈజిప్టు ఖగోళశాస్త్రజ్ఞుడు గణితముచే వెనుకకు లెక్కించి, పైన చెప్పిన జనవరి 27వ తేదీని నిర్ణయించెను. గ్రహణమును బట్టి మరణదినము తెలిసినదే కాని, మరణమును బట్టి గ్రహణము రాలేదు.

సూర్యుని గూర్చి ఇస్లాము చెప్పదలచిన ముఖ్యవిషయమంతయు ఈ ఒక్క సంఘటనలో ఇమిడియున్నదని చెప్పవచ్చును. సూర్యుడు చిహ్నము, దైవము కాడు, దైవము పంపిన వార్తాహరుడును కాడు. ఖురానులో సూర్యుని పేర 'షమ్స్' అను ప్రత్యేకాధ్యాయమే యున్నది. అది 91వది, పదునైదు చిన్న వాక్యములది. ఆరవ అధ్యాయమున పూర్వప్రవక్తయైన ఇబ్రాహీము, అనగా బైబిలులోని అబ్రహాము, మొదట నక్షత్రమును, పిదప చంద్రుని, ఆ పిదప అన్నింటికంటె పెద్దదగు సూర్యుని చూచి, ఒక్కొక్కటియు అస్తమించుట గమనించి, అస్తమించు వస్తువు దైవము కాజాలదని తేల్చుకొనిన కథ వచ్చును. ఇరువదియేడవ అధ్యాయమున షేబా రాణి ప్రజలు సూర్యునకు మ్రొక్కుచున్నారని ఒక పక్షి సులేమాను రాజునకు వార్త తెచ్చును. నలుబదియొకటవ అధ్యాయమున సూర్యునకు గాని చంద్రునకు గాని సాగిలపడక, వారిని సృజించినవానికే సాగిలపడవలసినదని స్పష్టమైన ఆజ్ఞ కలదు. సరిగా సూర్యుడు ఉదయించు క్షణమునను, నడినెత్తిన నిలుచు క్షణమునను, అస్తమించు క్షణమునను నమాజు చేయరాదని ధర్మశాస్త్రము విధించుటకు కారణము కూడ ఇదియే. ఆ క్షణములలో చేసిన ప్రార్థన సూర్యారాధనమని పొరపడుటకు అవకాశ మీయరాదని వారి తలంపు.

ఉదయించు సూర్యునకు అర్ఘ్యమిచ్చు సంప్రదాయమున పెరిగిన తెలుగు పాఠకునకు ఇది వింతగా తోచవచ్చును. ఒకచోట సూర్యుడు కనబడగానే చేతులు జోడించుట. మరియొకచోట సూర్యుడు తొంగిచూచు ఘడియలో చేతులు కట్టకుండుట. కాని చిత్రమేమనగా, ఈ రెంటికిని సూర్యుని జాగ్రత్తగా కనిపెట్టియుండుట తప్పదు. మ్రొక్కువానికి ఉదయ మెప్పుడో తెలియవలెను. మ్రొక్కు మానువానికి ఇంకను నిష్కర్షగా తెలియవలెను.

ఇచ్చటనే మతము విజ్ఞానమునకు ఒక పని అప్పగించినది. నమాజు వేళలు దినమునకు ఐదు. ఐదును సూర్యుని స్థానమును బట్టి ఏర్పడినవే. తూర్పున వెలుగురేక విచ్చినది మొదలు సూర్యోదయము వరకు ఫజర్. సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటి పడమటికి వాలగానే జొహర్. కర్ర నీడ, మధ్యాహ్నమున మిగిలిన నీడగాక, కర్ర పొడవునకు సమానమైనపుడు అసర్. మన ప్రాంతపు ముస్లిములలో హెచ్చుమంది అనుసరించు హనఫీ సంప్రదాయమున కర్ర పొడవునకు రెట్టింపు కావలెను. సూర్యుడు క్రుంకగానే మగ్రిబ్. సంధ్యారాగము పూర్తిగా మాయమైనపుడు ఇషా. ఎడారిలోని గొల్లవాడు సైతము కర్ర పాతి, కన్నెత్తి చూచి తెలిసికొనగల వేళలే యివి. కాని మబ్బు పట్టిన దినమున నేమి చేయవలెను? వేరొక దేశమునకు పోయిన నేమి చేయవలెను?

922వ సంవత్సరమున బాగ్దాదు ఖలీఫా పంపగా ఇబ్న్ ఫద్లాన్ అను రాయబారి వోల్గా నదీతీరమున నున్న బల్గారుల దేశమునకు వెళ్లెను. ఒక సాయంకాలము తన గుడారమున బాగ్దాదు నుండి వచ్చిన దర్జీతో మాటలాడుచు ఇషా పిలుపు కొరకు ఎదురుచూచుచుండెను. మాటలు సాగినది కొద్దిసేపే. పిలుపు వినవచ్చి వెలుపలికి వచ్చి చూచునప్పటికి తెల్లవారియుండెను! ఇది ఏ వేళ పిలుపని అడుగగా, ఉదయపు పిలుపని ముఅజ్జిను చెప్పెను. మరి రాత్రి నమాజు సంగతి యేమనగా, దానిని సాయంకాలపు నమాజుతో కలిపియే చేయుదుమనెను. ఉత్తరదేశపు వేసవి రాత్రి ఎంత కురుచనో అరబ్బు యాత్రికునకు ఆనాడు బోధపడెను. భూగోళమున అక్షాంశము మారినకొలది సూర్యుని నడక మారునను పాఠమును ఇంత సూటిగా చెప్పు కథ మన పాఠ్యపుస్తకములలో ఎందుకు చేరలేదో తెలియదు.

ఇట్టి చిక్కుల వలననే మసీదులలో 'మువక్కిత్' అను ఉద్యోగి ఏర్పడెను. వేళలను గణించి చెప్పుట అతని పని. డమాస్కసులోని ఉమయ్యదు మసీదున ఈ ఉద్యోగము చేసిన ఇబ్న్ అష్షాతిర్ 14వ శతాబ్దమున మసీదు మినారుపై గొప్ప నీడగడియారమును చెక్కించెను. చంద్రుని గమనమునకు ఆయన కల్పించిన గణితరూపము, దాదాపు రెండువందల యేండ్ల తరువాత కోపర్నికస్ గ్రంథములో కనబడిన రూపముతో సరిపోవుచున్నది. మసీదు జీతముపై బ్రతికిన ఒక గడియారపువాడు ఖగోళశాస్త్రచరిత్రలో ఇట్టి స్థానము సంపాదించెను.

అతనికి చాల ముందే యూఫ్రటీసు ఒడ్డున నున్న రక్కా పట్టణమున అల్ బత్తానీ నలుబది యేండ్లకు పైగా సూర్యుని కొలిచెను. అతని పూర్వులు గ్రహములను పూజించు హర్రాను నగరపు సాబియనులని ప్రతీతి. సౌరవర్షము 365 దినముల 5 గంటల 46 నిమిషముల 24 సెకనులని అతడు తేల్చెను. నేటి లెక్క ప్రకారము అది 365 దినముల 5 గంటల 48 నిమిషముల 45 సెకనులు. భేదము రెండు నిమిషముల చిల్లర. దూరదర్శిని పుట్టుటకు ఏడువందల యేండ్ల ముందు, లోహపుచక్రములతోను కర్రనీడలతోను సాధించిన కొలత యిది! సూర్యబింబము ఏడాది పొడుగున ఒకే పరిమాణమున కనబడదని కూడ అతడు గమనించెను. అందుచేత చంద్రుడు సూర్యుని నడుమ నిలిచినను అంచున కంకణమువలె వెలుగు మిగులు గ్రహణము సంభవమే యని తేల్చెను. టాలెమీ వంటి ఆచార్యుడు కాదనిన విషయము. పూర్వాచార్యుని గౌరవించియే అతని తప్పు దిద్దుట అల్ బత్తానీకి చేతనైనది.

ఇబ్న్ అల్ హైతమ్ గ్రహణవేళ చిన్న రంధ్రముగుండ ప్రసరించిన సూర్యకాంతి నెలవంకరూపమున ఏల పడునో ప్రత్యేకగ్రంథమున విచారించెను. గ్రహణవేళ వేపచెట్టు నీడలో నేలపై వందలకొలది నెలవంకలు పరచుకొనుట చూచిన పిల్లవానికి ఆ గ్రంథపు విషయము సగము తెలిసినట్లే.

వీరిలో మనకు మిక్కిలి దగ్గరివాడు అల్ బిరూనీ. సంస్కృతము నేర్చి, సుమారు 1030లో భారతదేశమును గూర్చి మహాగ్రంథము వ్రాసెను. మన బ్రహ్మగుప్తుని గొప్ప ఖగోళజ్ఞుడని మెచ్చుకొనెను. కాని ఒక్కచోట నిలదీసెను. బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించినది 628లో. అనగా మదీనా గ్రహణమునకు నాలుగేండ్ల ముందు. గ్రహణమునకు చంద్రుని నీడయు భూమి నీడయు కారణములని ఎరిగి, గణించుటకు సూత్రములు కూర్చియు, రాహువును కాదనువారిని శాస్త్రములు చూపి మందలించినాడేమని బిరూనీ ప్రశ్న. జవాబు కూడ అతడే ఊహించెను: సోక్రటీసునకు పట్టిన గతి తనకు పట్టునని బ్రహ్మగుప్తుడు వెరచెనేమో, అంతరాత్మకు విరుద్ధముగా ఆ మాటలు వ్రాసెనేమో యని. పరమతస్థుడైన పండితునిపట్ల ఇంత సానుభూతితో కూడిన మందలింపు అరుదు. ఎరిగిన సత్యమునకును ఒప్పుకొనవలసిన మాటకును నడుమ నలిగిపోవు పండితుడు ఒక్క దేశమున గాని ఒక్క మతమున గాని పుట్టడు. 1577లో ఇస్తాంబులు నగరమున తకీయుద్దీను గొప్ప వేధశాలను నిర్మించెను. మూడేండ్లకే, 1580లో, సుల్తాను ఆజ్ఞతో అది నేలమట్టమయ్యెను. నమాజు వేళలకు ఖగోళశాస్త్రము నాశ్రయించిన సమాజమే ఆ పని చేసినది. దీనిని దాచి, వెలుగునే చూపు చరిత్ర పిల్లలకు నేర్పదగినది కాదు.

ఇక నేటి విజ్ఞానము సూర్యుని గూర్చి చెప్పునది క్లుప్తముగా చూతము. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్న వేడి వాయుగోళము. వ్యాసము 13,92,000 కిలోమీటర్లు. తూకమున భూమికి 3,30,000 రెట్లు. ఉపరితలమున వేడి 5,500 సెంటిగ్రేడు డిగ్రీలు, నడిబొడ్డున కోటిన్నర. అచ్చట సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియముగా మారుచు, అందులో 40 లక్షల టన్నులకు పైగా పదార్థము శక్తిరూపమున వెలువడుచున్నది. వయస్సు 460 కోట్ల యేండ్లు. మరి 500 కోట్ల యేండ్లకు నడిమి ఇంధనము తరిగిపోయి, ఉబ్బి, తుదకు చిన్న తెల్లని నక్షత్రశేషమై చల్లారును.

ఈ జ్ఞానము ఎట్లు వచ్చినదో చెప్పుటకు తెలుగుదేశమే సాక్షి. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణగ్రహణమును చూచుటకు ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాల పక్షమున పోగ్సన్ మచిలీపట్టణమునను, చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను దూరదర్శినులు నిలిపిరి. సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని పట్టకముతో విడదీయగా ప్రకాశమానమైన గీతలు కనబడినవి. అవి ఎంత స్పష్టముగా నున్నవనగా, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని జాన్సెన్‌కు స్ఫురించి, మరునాడే గుంటూరులో చూచి నిరూపించెను. అదే సంవత్సరము ఇంగ్లండులో లాకియర్ ఆ కాంతిలోని ఒక పసుపుపచ్చని గీతను పరీక్షించెను. అది భూమిపై తెలిసిన ఏ మూలపదార్థమునకును చెందదని తేలగా, సూర్యుని గ్రీకుపేరును బట్టి దానికి హీలియమని పేరు పెట్టబడెను. 1895లో రామ్‌సే దానిని భూమిపై కూడ సంపాదించెను. 1920లో మన మేఘనాద సాహా నక్షత్రకాంతిలోని గీతలను వేడితో ముడివేయు సూత్రము నిచ్చెను. దాని నాధారముగా గొని 1925లో సిసిలియా పెయిన్ అను యువతి నక్షత్రములలో ముఖ్యపదార్థము హైడ్రోజన్ అని కనుగొనెను. పెద్దలు మొదట నమ్మలేదు. ఆమె తన నిర్ణయమును తానే అనుమానించునట్లు వ్రాయవలసివచ్చెను. కొన్ని యేండ్లకు కాదన్నవారే అవునన్నారు. 1939లో బేతే హైడ్రోజన్ హీలియముగా మారు అణుప్రక్రియలను వివరించెను.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ వచ్చునది తరువాతిమెట్టున. ఇదంతయు మా గ్రంథమున ముందే యున్నదను మాట గత నూరేండ్లుగా ముస్లిము దేశములలో బలపడినది. ఈజిప్టున తంతావీ జౌహరీ ఖురానునకు ఇరువదియారు సంపుటముల వ్యాఖ్యానము వ్రాసి, అందు ఆధునిక శాస్త్రములన్నింటిని ఇమిడ్చెను. 1976లో ఫ్రెంచి వైద్యుడు మారిస్ బుకాయ్ వ్రాసిన పుస్తకము ఈ వాదమునకు దేశదేశముల వ్యాప్తి కలిగించెను. ఉద్దేశము మంచిదే కావచ్చును. విజ్ఞానమున వెనుకబడితిమను బాధతో పెరుగు పిల్లలకు ధైర్యము చెప్పవలెనను తపన అందు కలదు. కాని దాని ఫలితమును పరీక్షింపవలెను.

ఒక్క వాక్యమును తీసికొందము. ముప్పదియారవ అధ్యాయమగు 'యాసీన్'లో సూర్యుడు తన నెలవునకు సాగిపోవుచున్నాడను భావముగల వాక్యము కలదు. టాలెమీ విశ్వరూపము చెల్లుబడియైన దినములలో, కదలని భూమి చుట్టు సూర్యుడు తిరుగుటయే దీని యర్థమని చదువరులు సహజముగా భావించిరి. 1966లో సౌదీ అరేబియాకు చెందిన ఒక ప్రముఖ మతపండితుడు ఇట్టి వాక్యముల నాధారము చేసికొని, సూర్యుడే నడచును గాని భూమి కదలదని వ్యాసము వ్రాసెను. నేడు అదే వాక్యమును చూపి, సూర్యుడు పాలపుంత కేంద్రముచుట్టు సెకనుకు 200 కిలోమీటర్లకు మించిన వేగమున పరువిడుచు 23 కోట్ల యేండ్లకు ఒక చుట్టు ముగించుట ఖురానులో చెప్పబడియేయున్నదని మరికొందరు చెప్పుచున్నారు. వాక్యములో ఒక్క అక్షరము మారలేదు. చదువువాడు ఏ ఖగోళశాస్త్రమును వెంట తీసికొనిపోయెనో అదియే అతనికి అందు దొరకినది. ఒకే వాక్యము రెండు విరుద్ధసిద్ధాంతములను 'నిరూపించి'నదనగా, అది నిజమునకు దేనిని నిరూపించుటకును వచ్చినది కాదని యర్థము.

ఈ అలవాటు ముస్లిములకే పరిమితము కాదు. రథసప్తమినాడు ఏటేట పత్రికలలో కనబడు మాటయే చూడుడు: సూర్యరథమునకు ఏడు గుఱ్ఱములు, కాంతికి ఏడు రంగులు, కావున ఋషులు న్యూటనుకంటె ముందే యెరుగుదురని. న్యూటను మొదట లెక్కించిన ముఖ్యవర్ణములు ఐదు. సంగీతమునందలి సప్తస్వరములతో పొందిక కుదుర్చుటకు నారింజను, నీలిని చేర్చి ఏడు చేసెను. ఇంద్రధనుస్సున ఒక రంగు ముగిసి వేరొకటి మొదలగు గీత ఎచ్చటను లేదు. అతడు ఐదే యని నిలిపియున్నచో మన పంచభూతములు సిద్ధముగా నుండెడివి.

సూర్యుని 'దీపము'తోను చంద్రుని 'వెలుగు'తోను పోల్చుటచే, చంద్రుడు స్వయంప్రకాశి కాడను సత్యము ఖురానున ముందే బయటపడినదను వాదము కూడ ఇట్టిదే. చంద్రుని వెలుగు ఎరువు వెలుగని అంతకు వెయ్యేండ్లకు పైగా ముందే గ్రీసులో అనక్సాగొరస్ చెప్పెను. మన ఆర్యభటుడు 499లో చెప్పెను. సుందరమైన ఉపమానమును రహస్యలిపిగా చదువుట వలన ఉపమానము చెడును, శాస్త్రమునకు లాభము కలుగదు.

ఈ వాదమును కాదనిన మొదటివారు నాస్తికులు కారు, విశ్వాసులే. స్పెయినులోని గ్రనడాలో జీవించి 1388లో మరణించిన అష్షాతిబీ అను ధర్మశాస్త్రజ్ఞుడు, సకలశాస్త్రములను ఖురాను నుండి పిండవలెనను ధోరణి సరికాదని వ్రాసెను. ఆ గ్రంథమును ప్రవక్త నోట విన్న తొలితరమువారు, దానిని అందరికంటె బాగుగ నెరిగినవారు, అట్టిపని చేయలేదు గదా యని అతని యుక్తి. పదునెనిమిదవ అధ్యాయమున జుల్‌ఖర్నైను అను రాజు పడమటి కొస కరిగి, సూర్యుడు బురదనీటి బుగ్గలో క్రుంకుట చూచెనను ఘట్టము కలదు. పండ్రెండవ శతాబ్దమున పుట్టిన ఫఖ్రుద్దీన్ రాజీ దానిని వ్యాఖ్యానించుచు, సూర్యుడు భూమికంటె ఎన్నో రెట్లు పెద్దవాడు కాగా భూమిపైని బుగ్గలో నెట్లు పట్టునని ప్రశ్నించి, సముద్రయానము చేయువానికి సూర్యుడు నీటిలో మునిగినట్లు కనబడునట్లే ఆ రాజునకును కనబడెనని సమాధానము చెప్పెను. రాజీ తెలిసిన శాస్త్రమును గ్రంథమున వెదకలేదు; గ్రంథమును చదువునపుడు తెలిసిన శాస్త్రమును మరువలేదు. ఈ రెంటికి నడుమ గల భేదము గొప్పది.

తరగతిగదిలో ఈ భేదము ప్రతిదినమును పనికివచ్చును. ఉపాధ్యాయుడు సౌరకుటుంబమును బోధించుచుండగా ఒక బాలుడు లేచి, ఇది మా ఖురానులో ఉన్నదండి యని చెప్పవచ్చును. ప్రక్క బల్లపై బాలుడు మా వేదములో అంతకుముందే ఉన్నదని లేవవచ్చును. ఉపాధ్యాయుడు తల యూపి ఊరకున్న, సత్యము కనుగొనబడునది కాదు, వారసత్వముగా వచ్చునదని ఇద్దరును నేర్చుకొందురు. కసరి కూర్చుండబెట్టిన, ఇంటిలో విన్నదానికిని బడిలో విన్నదానికిని పగ కలదని నేర్చుకొందురు. ఇంటిమాట బడిలో పైకి రాదు, బడిమాట ఇంటికి పోదు. పరీక్షకొక సూర్యుడు, పండుగకొక సూర్యుడు మిగులును. నష్టమిదియే, అది మతమునకు ఎంతయో విజ్ఞానమునకు నంతయే.

ముందే చెప్పబడియున్నచో ముందే ఎవ్వరును ఏల కనుగొనలేదని ఆ బాలుని మెల్లగా అడుగవచ్చును. పదమూడు శతాబ్దములు ఎందరో హాఫిజులు ఖురానును కంఠస్థము చేసిరి; హీలియము పేరు ఒక్కరి నోటను రాలేదు. గుంటూరులో పట్టకము పెట్టి చూచిన పిదపనే పసుపుగీతల వివాదము మొదలైనది. ఆ బాలునకు నిజముగా గర్వకారణము కావలసినది అల్ బత్తానీ కొలత. రెండు నిమిషముల తప్పుతో కూడిన కొలత. తప్పునకు కూడ లెక్క చెప్పగల కొలత. 1901లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ తన సొమ్ముతో ఇంగ్లండు నుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి వేధశాల స్థాపించెను. అదియే నిజామియా వేధశాల. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణగ్రహణము పట్టినపుడు జనము తలుపులు మూసికొని యుండగా, ఆ విశ్వవిద్యాలయమువారి రంగాపురము వేధశాలలో శాస్త్రజ్ఞులు సూర్యుని వైపే చూచుచుండిరి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, గ్రహణము కొరకు ఎదురుచూడకయే సూర్యుని చూచుటకు ఏర్పడినది.

ఏ పరికరమును లేని బడిలో కూడ చేయదగిన పని యొకటి కలదు. ఏటేట రెండు దినములు, మే 28న, జూలై 16న, మక్కా నగరమున మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ క్షణమున సూర్యుడు కనబడు ఏ చోటనైనను సూర్యుని వైపు చూపు దిక్కే మక్కా దిక్కు. 13వ శతాబ్దమున నసీరుద్దీన్ తూసీ తెలిపిన ఉపాయమిది. మన గడియారము ప్రకారము ఆ క్షణము మే నెలలో మధ్యాహ్నము 2 గంటల 48 నిమిషములు, జూలైలో 2 గంటల 57 నిమిషములు. మే నెలలో బడులకు సెలవులు; జూలైలో మబ్బుల బెడద. అయినను ఒక దినము ముందువెనుకలైనను పెద్ద తేడా రాదు. చదునైన నేలపై మీటరు కర్రను నిట్టనిలువుగా పాతవలెను. హైదరాబాదులో నీడ సుమారు 74 సెంటీమీటర్లు పడును. నీడకు సరిగా వ్యతిరేకదిశ ఖిబ్లా, అది పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరముగా నుండును. నీడను కర్రతో భాగించి త్రికోణమితి పట్టికను చూచిన, సూర్యుడు మన నడినెత్తికి 36 డిగ్రీల చిల్లర దూరమున నున్నట్లు తెలియును. భూమిపై ఒక్కొక్క డిగ్రీకి 111 కిలోమీటర్లు గనుక, మక్కా హైదరాబాదునకు నాలుగువేల కిలోమీటర్లకు కొంచెము పైబడి యున్నదని పిల్లలే చెప్పగలరు. అదే క్షణమున విశాఖపట్టణమున కొలిచినవారికి నీడ 87 సెంటీమీటర్లకు దగ్గరగా వచ్చును. రెండు ఊళ్ల పిల్లలును తమ అంకెలను ఒకరికొకరు తెలుపుకొని, తేడా ఏల వచ్చినదో ఉపాధ్యాయుని అడుగవచ్చును.